సర్పంచ్ ఎన్నికల్లో మీ ఓటు ఎక్కడుంది? జాబితాలో పేరు చూసుకోవడం నుంచి పోస్టల్ బ్యాలెట్ దాకా

పంచాయతీ ఎన్నికల షెడ్యూలు టీవీలో రాగానే ఊళ్లలో ఫోన్లు మొదలవుతాయి. అసెంబ్లీకి వేశాను కదా, సర్పంచ్ ఎన్నికకు నా పేరు ఎందుకు లేదంటున్నారు? మా అబ్బాయికి మొన్ననే 18 నిండాయి, ఇప్పుడు పేరు ఎక్కించొచ్చా? నేను బెంగళూరులో ఉన్నాను, ఓటు పోస్టులో పంపొచ్చా? వీటిలో చాలా ప్రశ్నలకు షెడ్యూలు వచ్చాక దొరికే సమాధానం ఒక్కటే, "ఇప్పుడు కుదరదు" అని. కుదిరే రోజులు అంతకు ముందే వచ్చి వెళ్లిపోతాయి, ఆ రోజుల గురించి టీవీలో పెద్దగా చెప్పరు. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా తెలంగాణలో ఉన్నా, ఎన్నికలు ఇంకా దూరంగా ఉన్నాయనుకున్నప్పుడే ఇది చదివి పని పూర్తి చేసుకోండి.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి

మనకు ఎన్నికల సంఘాలు రెండు. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలు నడిపేది ఢిల్లీలోని భారత ఎన్నికల సంఘం. పంచాయతీలు, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపాలిటీల ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. 73, 74 రాజ్యాంగ సవరణలతో ప్రతి రాష్ట్రంలో ఈ రెండోది వచ్చింది. ఎవరి పని వాళ్లదే, ఒకరి కింద ఇంకొకరు ఉండరు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఓటరు జాబితా దగ్గరే. మన రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ఎన్నికల సంఘం సొంతంగా ఓటర్లను నమోదు చేయదు. అసెంబ్లీ జాబితాను తీసుకుని, అందులో మీ ఊరి పేర్లను వార్డుల వారీగా విడదీసి పంచాయతీ జాబితా తయారు చేయిస్తుంది. అంటే అసెంబ్లీ జాబితాలో పేరు లేనివాళ్లు పంచాయతీ జాబితాలోకి రాలేరు. పంచాయతీ కార్యదర్శిని ఎంత బతిమాలినా, ఎంపీడీవో ఆఫీసు ముందు ఎంతసేపు కూర్చున్నా వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. వాళ్ల మీద కోప్పడి లాభం లేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో చూశాం. అప్పటి పంచాయతీ ఎన్నికలు 2019 నాటి ఓటరు జాబితాతోనే జరిగాయి, ఆ తర్వాత 18 నిండిన యువతకు ఓటు లేకుండా పోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లినా ఎన్నికలు పాత జాబితాతోనే అయిపోయాయి. వయసు వచ్చినంత మాత్రాన సరిపోదు. స్థానిక ఎన్నికకు ఏ తేదీ నాటి అసెంబ్లీ జాబితాను తీసుకుంటున్నారో, ఆ జాబితాలో మీ పేరు ఉండాలి. ఆ తేదీ రాష్ట్ర ఎన్నికల సంఘం ఉత్తర్వులో ఉంటుంది, పేపర్లో జిల్లా ఎడిషన్‌లో కూడా చిన్న వార్తగా వేస్తారు.

ఓటు ఎవరికి, ఏ ఊళ్లో

భారత పౌరులై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, ఆ ఊళ్లో మామూలుగా నివసిస్తూ ఉండాలి. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినవాళ్లు, ఎన్నికల నేరాల మీద అనర్హత పడినవాళ్లు మినహా మిగతా అందరికీ హక్కు ఉంది. పోటీ చేయాలంటే మాత్రం 21 నిండాలి.

గొడవంతా "మామూలుగా నివసించడం" అన్న మాట దగ్గరే. ఊళ్లో సొంత ఇల్లు ఉంది, పొలం ఉంది, ఇంటి పన్ను కడుతున్నాను, కాబట్టి ఓటు ఇక్కడే ఉండాలని చాలామంది వాదిస్తారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ దీనికి సూటిగానే జవాబు చెబుతుంది: ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదు. అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది, కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. ఉదాహరణకు, పాలమూరు నుంచి ముంబైకి వలస పనికి వెళ్లి పంటల కాలానికి తిరిగొచ్చే కుటుంబం ఊరు వదిలేసినట్టు కాదు. పదేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటూ, పిల్లల్ని అక్కడే చదివిస్తూ, సంక్రాంతికి మాత్రం ఊరికి వచ్చే కుటుంబం పరిస్థితి వేరు, వాళ్ల ఓటు కూకట్‌పల్లిలోనే ఉండాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటున్నారో నిజాయితీగా చూసుకుంటే చాలు, బూత్ లెవల్ అధికారి వచ్చి అడిగేది కూడా అదే.

ఇక రెండు చోట్ల ఓటు ఉంచుకునేవాళ్ల సంగతి. ఊళ్లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి ఉండటం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అదేదో తెలివైన పని అన్నట్టు పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. చట్టం దీన్ని ఒప్పుకోదు. ఒకరి పేరు ఒకే నియోజకవర్గంలో, అదీ ఒక్కసారే ఉండాలి. రెండో చోట పేరు ఎక్కించుకోవడానికి ఇచ్చిన ప్రకటన తప్పుడుదని తేలితే అదే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే శిక్ష కంటే ముందు రోజువారీ తలనొప్పే ఎక్కువ. జాబితా సవరణ జరిగినప్పుడల్లా ఒకే ఫొటో, ఒకే వయసు ఉన్న జంట పేర్లను సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. అప్పుడు తీసేసేది మీరు ఉంచుకోవాలనుకున్నదే కావచ్చు. మీకు ఏది కావాలో మీరే ఎంచుకుని, రెండోదాన్ని ఫారం 7 ఇచ్చి తీయించేయండి. చనిపోయిన పెద్దవాళ్ల పేర్లు తీయించేదీ ఈ ఫారంతోనే. ఇంట్లోవాళ్లకు అది మనసొప్పని పనే, కానీ ఆ పేరు మీద ఇంకెవరో వేలికి సిరా పూయించుకోకుండా ఉండాలంటే తప్పదు.

పేరు లేకపోతే: ఫారం 6

ఇంతకు ముందు ఎక్కడా ఓటు లేనివాళ్లకే ఈ ఫారం. ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే సైట్‌లో గానీ, ఎన్నికల సంఘం మొబైల్ యాప్‌లో గానీ నింపొచ్చు. ఇవేవీ చేతకాకపోతే మీ బూత్ లెవల్ అధికారికి, అందరూ బీఎల్‌వో అనే ఆవిడకో ఆయనకో, కాగితం మీదే ఇవ్వొచ్చు. చాలా ఊళ్లలో అంగన్‌వాడీ టీచరో, స్కూలు టీచరో, పంచాయతీ సిబ్బందిలో ఒకరో బీఎల్‌వోగా ఉంటారు. ఎవరో తెలియకపోతే 1950 నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. దీనికి రూపాయి కూడా ఫీజు లేదు. మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో డబ్బులు తీసుకుంటే అది టైపు చేసిపెట్టినందుకే.

కావలసినవి: ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో, వయసు రుజువు (పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్‌లలో ఏదో ఒకటి), చిరునామా రుజువు (ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, కరెంటు బిల్లు, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం లాంటివి). బిల్లు మీ పేరు మీదే ఉండాలని లేదు, నాన్న పేరు మీదో భర్త పేరు మీదో ఉన్నా ఒప్పుకుంటారు. హాస్టల్లో ఉండే విద్యార్థులకు ఎంచుకునే వీలుంది: కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో హాస్టల్ చిరునామా మీద తీసుకోవచ్చు, లేదా సొంత ఊళ్లోనే ఉంచుకోవచ్చు. సర్పంచ్ ఎన్నికలో ఓటేయాలనుంటే హాస్టల్ చిరునామా పెట్టొద్దు.

ఫారంలో ఇంట్లోవాళ్ల ఓటరు కార్డు నంబరు అడిగే చోటు ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. తప్పకుండా నింపండి. మీ పేరు ఏ పోలింగ్ కేంద్రం జాబితాలో, ఏ ఇంటి నంబరు కింద పడాలో తేలేది దాంతోనే. ఇది వదిలేస్తే అమ్మానాన్నల పేర్లు ఒక వార్డులో, పిల్లాడి పేరు ఊరి అవతలి వార్డులో వస్తాయి, తర్వాత మార్పించుకోవడానికి మళ్లీ ఇంకో ఫారం.

ఇంటి పేరు విషయంలో కూడా కాస్త జాగ్రత్త. మనవాళ్లకు ఇంటి పేరు ఆధార్‌లో ముందు, పాన్‌లో వెనక, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. తెలుగు స్పెల్లింగును సైట్ తనంతట తాను పుట్టించి పెడుతుంది, అందులో "శ్రీలత" కాస్తా "స్రిలాత" అయిపోతుంది. పంపేముందు ఆ గడిని చేత్తో సరిచేయండి, ఎందుకంటే ఊళ్లో గోడకు అంటించే జాబితా తెలుగులోనే ఉంటుంది, బూత్‌లో ఏజెంట్లు చదివేదీ అదే.

17 దాటినవాళ్లు కూడా ముందే ఇచ్చేయొచ్చు. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. వీటిలో ఏ తేదీకి 18 నిండుతాయో ఆ త్రైమాసికంలో పేరు ఎక్కుతుంది. మే నెలలో పుట్టినవాళ్లు ఇదివరకటిలా మళ్లీ జనవరి దాకా ఆగక్కర్లేదు.

దరఖాస్తు పంపాక ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత బీఎల్‌వో ఇంటికొచ్చి విచారిస్తారు. ఆ సమయానికి ఇల్లు తాళం వేసి ఉంటే, పక్కింటివాళ్లు "వాళ్లు ఇక్కడ ఉండరు" అని ఒక్క మాట అంటే ఆ దరఖాస్తు అక్కడితో సరి. కాబట్టి ఫారం పెట్టిన సంగతి ఇంట్లో అమ్మకో అత్తకో చెప్పి ఉంచండి, వీలైతే బీఎల్‌వోకి మీరే ఫోన్ చేసి ఏ రోజు వస్తారో అడగండి. ఇదొక్కటి చేస్తే సగం తిరస్కరణలు తప్పుతాయని నా నమ్మకం.

తిరస్కరించారనుకోండి, అక్కడితో వదిలేయొద్దు. ఓటరు నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు పెట్టొచ్చు, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. దీని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. కొత్త ఫారం 6 మళ్లీ పెట్టడమే సులువని అందరూ అదే చేస్తారు, టైమ్ ఉంటే అదీ మంచి దారే.

పేరుంది కానీ వేరే ఊళ్లో ఉంటే: ఫారం 8

ఊరు మారినా, వివరాలు తప్పు పడినా, కార్డు పోయినా, దివ్యాంగులని గుర్తు పెట్టించుకోవాలన్నా అన్నిటికీ ఇప్పుడు ఫారం 8 ఒక్కటే. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన అమ్మాయిలకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. పుట్టింట్లో ఓటు ఉండగానే అత్తవారి ఊళ్లో ఫారం 6 పెట్టించేస్తారు. ఫారం 6లో "నా పేరు ఇంకెక్కడా లేదు" అనే ప్రకటన మీద సంతకం చేస్తున్నామని అప్పుడు ఎవరికీ గుర్తుండదు. దాని బదులు ఫారం 8లో నివాసం మార్పు ఎంచుకుని కొత్త చిరునామా ఇస్తే, పేరు ఇక్కడ ఎక్కి అక్కడ పోతుంది, కార్డు నంబరు కూడా పాతదే ఉంటుంది. ఆధార్‌లో చిరునామా ముందే మార్పించుకుని ఉంటే ఇంకా తేలిక. ఇంటి పేరు మార్చుకున్నారా లేదా అన్నది మీ ఇష్టం, ఓటుకు దాంతో పని లేదు.

మీ ఇంటికి బీఎల్‌వో ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ (ఎస్ఐఆర్) పేరుతో ముందే పేరు అచ్చయిన ఫారం తెచ్చి ఇస్తే దాన్ని టీవీ మీద పెట్టి మర్చిపోవద్దు. 2025లో బీహార్‌లో ఆ ఫారం తిరిగి ఇవ్వనివాళ్ల పేర్లు ముసాయిదాలోకే రాలేదు.

అసలైన మూడు రోజులు

ఇప్పుడు చెప్పేది ఎక్కువమంది వదిలేసే మెట్టు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. అసెంబ్లీ జాబితాలో పేరుంటే పంచాయతీ జాబితాలోకి దానంతటదే వచ్చేస్తుందని అనుకుంటాం. రావాలి కూడా. కానీ ఆ జాబితాను వార్డుల వారీగా విడదీసేటప్పుడు ఒక వీధి పక్క వార్డులోకి వెళ్లిపోతుంది, ఒక ఇంట్లో నలుగురిలో ఇద్దరు ఒక వార్డులో ఇద్దరు ఇంకో వార్డులో పడతారు, కొత్తగా విడిపోయిన తండా పేర్లు పాత గ్రామంలోనే ఉండిపోతాయి. అందుకే ముసాయిదా జాబితా పెట్టి అభ్యంతరాలు తీసుకుంటారు. ఎన్ని రోజులు? తెలంగాణలో 2025లో ముసాయిదా ఆగస్టు 28న పెట్టారు, అభ్యంతరాలకు గడువు 30 దాకా, తుది జాబితా సెప్టెంబర్ 2న. అంతే. పెళ్లికి ఊరెళ్లి వచ్చేలోగా అయిపోతుంది.

ఆ రోజుల్లో పంచాయతీ ఆఫీసు దగ్గర, మండల పరిషత్ ఆఫీసు దగ్గర జాబితా అంటిస్తారు. వెళ్లి మీ ఇంటి నంబరు దగ్గర వేలు పెట్టి, ఇంట్లో అందరి పేర్లూ ఒకే వార్డులో ఉన్నాయో లేదో చూడండి. ఊళ్లో లేకపోతే ఎవరినైనా ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి, "ఉందిలే" అన్న మాట మాత్రం నమ్మొద్దు, ఫొటోనే అడగండి. సైట్‌లో కార్డు నంబరు కొట్టి చూసుకున్నాం కదా అనుకునేవాళ్లకు ఒక మాట: అక్కడ కనిపించేది అసెంబ్లీ జాబితాలోని భాగం నంబరు, వరుస నంబరు. మీ పంచాయతీ వార్డు అక్కడ కనిపించదు. పంచాయతీ జాబితాలో వరుస నంబరు కూడా వేరే ఉంటుంది.

వార్డు తప్పు పడితే, అసెంబ్లీ జాబితాలో ఉన్న పేరు ఇక్కడ జారిపోతే పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇచ్చి, మీ దగ్గర ఉండే కాపీ మీద తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. అసెంబ్లీ జాబితాలోనే లేకపోతే మాత్రం మళ్లీ ఫారం 6 దగ్గరికే. అది కూడా నామినేషన్లు మొదలయ్యేలోపే, ఆ తర్వాత జాబితాలో చేర్పులకు దారి మూసుకుపోతుంది.

పట్టణాల్లో ఉండేవాళ్లకూ ఇదే పద్ధతి, కార్యదర్శి బదులు మున్సిపల్ కమిషనర్. వార్డుల హద్దులు మారినప్పుడు, పక్క పంచాయతీలు మున్సిపాలిటీలో కలిసినప్పుడు మీ పాత వార్డు నంబరును మర్చిపోయి మొదటి నుంచీ వెతకండి.

వార్డు అంత ముఖ్యమా అంటారేమో. చిన్న పంచాయతీల్లో ఒక వార్డుకు వందకు అటూ ఇటూ ఓట్లే ఉంటాయి, ఒకటీ రెండు ఓట్లతో గెలిచినవాళ్లు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు, సమానంగా వస్తే చీటీలు వేసి తేలుస్తారు. ఎంపీ ఎన్నికలో మీ ఓటు లక్షల్లో ఒకటి, ఇక్కడ అలా కాదు.

ఆ రోజు ఊళ్లో ఉండలేకపోతే

ముందే చెప్పేస్తాను: మామూలు ఓటరు ఊళ్లో లేకుండా స్థానిక ఎన్నికలో ఓటేసే దారి లేదు. ఉద్యోగం బెంగళూరులో ఉంది, పరీక్ష ఉంది, ఆసుపత్రిలో ఉన్నాను, ఇవేవీ పోస్టల్ బ్యాలెట్‌కు కారణాలు కావు. దారి వెతకలేదని కాదు. ఖమ్మంలో 2021 అక్టోబర్‌లో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఫోన్ యాప్‌తో ఈ-ఓటింగ్ నమూనాగా చేసి చూసింది. వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసే రిమోట్ యంత్రాన్ని భారత ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించబోతే చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి. రెండూ అక్కడే ఆగాయి.

85 దాటినవాళ్లకు, 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటికొచ్చి ఓటు వేయించుకున్నారు కదా అని 2024 ఎన్నికలు చూసినవాళ్లు అడుగుతారు. అది పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల నియమాల్లో ఉన్న సదుపాయం, పంచాయతీకి దానంతటదే వర్తించదు. రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రత్యేకంగా చెబితేనే ఉంటుంది, 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ ఎన్నికల్లో కొవిడ్ రోగులకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చినట్టు. అలాంటి ప్రకటన లేకపోతే పెద్దవాళ్లను కేంద్రానికి తీసుకెళ్లడమే. ర్యాంపు, చక్రాల కుర్చీ ఉన్నాయో లేదో ముందురోజే కార్యదర్శిని అడిగి ఉంచండి. చూపు లేనివాళ్లు, చెయ్యి కదపలేనివాళ్లు 18 దాటిన ఒకరిని తోడుగా లోపలికి తీసుకెళ్లొచ్చు.

పోస్టల్ బ్యాలెట్ ముఖ్యంగా ఎన్నికల డ్యూటీలో ఉన్న సిబ్బంది కోసం. మీరు టీచరో, గుమస్తానో అయి డ్యూటీ ఆర్డరు వచ్చిందంటే ముందు ఒక లెక్క వేసుకోండి. పంచాయతీ ఎన్నికలు విడతలుగా జరుగుతాయి. తెలంగాణలో 2025లో డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు, ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలు. మీ డ్యూటీ ఒక విడతలో, మీ ఊరి పోలింగ్ ఇంకో విడతలో ఉంటే నేరుగా వెళ్లి వేసుకోవచ్చు, పోస్టల్ బ్యాలెట్ జోలికే పోనక్కర్లేదు. రెండూ ఒకే రోజయితేనే దరఖాస్తు పెట్టండి. డ్యూటీ ఆర్డరు కాపీ, ఓటరు కార్డు కాపీ, మీ పంచాయతీ పేరు, వార్డు నంబరు, పంచాయతీ జాబితాలో వరుస నంబరు కావాలి. ఇక్కడ అసెంబ్లీ భాగం నంబరు రాసేసి తిప్పించుకునేవాళ్లు బోలెడంత మంది. మొదటి శిక్షణకు వెళ్లే రోజే ఈ కాగితాలు జేబులో పెట్టుకోండి, మండల పరిషత్ ఆఫీసులో పెట్టే ఫెసిలిటేషన్ కేంద్రంలో అక్కడికక్కడే వేసేయడం పోస్టును నమ్ముకోవడం కంటే నయం.

కవర్ల దగ్గర తొందర పడొద్దు. బ్యాలెట్ చిన్న కవరులో వేసి అంటించాలి. డిక్లరేషన్ మీద మీ సంతకం, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉండాలి, దాన్ని చిన్న కవరులో కాకుండా బయట పెద్ద కవరులో పెట్టాలి. డిక్లరేషన్ లేకపోయినా, పొరపాటున లోపలి కవరులో పడినా బ్యాలెట్ తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ఊరికి పాఠాలు చెప్పే టీచర్ల ఓట్లే ఇలా చెల్లకుండా పోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంకోటి, పంచాయతీలో లెక్కింపు పోలింగ్ రోజు మధ్యాహ్నమే మొదలైపోతుంది, ఆ లోపు కవరు చేరకపోతే లాభం లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ల సంగతి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటూ భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు ఫారం 6ఏ ద్వారా, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద పేరు ఎక్కించుకోవచ్చు. వాళ్లకు ఓటరు కార్డు ఇవ్వరు, పోస్టులో పంపే వీలూ లేదు. ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వచ్చి వేయాలి. అలా ఎక్కిన పేరు పంచాయతీ జాబితాలోకి కూడా వచ్చిందో లేదో విడిగా చూపించుకున్నాకే టికెట్ కొనండి. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఓటు లేదు.

బస్సు ఎక్కేముందు

ఊరికి బయల్దేరేముందు ఏకగ్రీవం అయిందేమో కనుక్కోండి. నామినేషన్ల ఉపసంహరణ గడువు అయిపోయిన సాయంత్రానికి తేలిపోతుంది. సర్పంచ్ ఒక్కరే మిగిలి, మీ వార్డులోనూ ఒక్కరే మిగిలితే మీకు పోలింగే లేదు. సర్పంచ్ ఏకగ్రీవమై వార్డుకు పోటీ ఉంటే ఒక్క ఓటు కోసమే వస్తున్నారని తెలిసి రావచ్చు.

సెలవు సంగతి కూడా ముందే చూసుకోవాలి. స్థానిక ఎన్నికల సెలవు సాధారణంగా పోలింగ్ జరిగే ప్రాంతానికే ఇస్తారు, మాదాపూర్‌లో మీ ఆఫీసుకు అది పట్టదు. మామూలు సెలవే పెట్టుకోవాలి. "వచ్చేయండి, చార్జీలు మేం చూసుకుంటాం, కారు పంపిస్తాం" అని అభ్యర్థి తరఫున వాట్సాప్ మెసేజ్ వస్తుంది, వచ్చి తీరుతుంది. ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. పైగా ఆ కారెక్కితే మీరు ఎవరికి వేశారో ఊరంతా తేల్చేస్తుంది. మీ చార్జీ మీరు పెట్టుకుని రండి.

తెలంగాణలో పంచాయతీ పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా మాత్రమే, 2 గంటలకు లెక్కింపు మొదలు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఉదయం 6.30 నుంచి 3.30 దాకా జరిగింది. అసెంబ్లీకి సాయంత్రం దాకా ఉంటుంది కదా అన్న అలవాటుతో భోంచేసి బయల్దేరితే గేటు మూసి ఉంటుంది. గడువు లోపు ఆవరణలోకి చేరి వరుసలో నిలబడితే మాత్రం ఎంత ఆలస్యమైనా వేయనిస్తారు.

బూత్‌లో

ఓటరు స్లిప్పు గుర్తింపు కార్డు కాదు, వరుస నంబరు వెతకడానికి మాత్రమే. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, పాన్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివాటిలో ఒకటి ఒరిజినల్ పట్టుకెళ్లండి. ఫోన్లో ఫొటో చూపించి వాదించడం దండగ, ఫోన్ లోపలికి రానివ్వరు.

తెలంగాణలో పంచాయతీకి ఈవీఎం ఉండదు, కాగితం బ్యాలెట్లే. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు. పార్టీ గుర్తులు ఉండవు, సంఘం కేటాయించిన గుర్తులే ఉంటాయి, కాబట్టి మీ అభ్యర్థికి వచ్చింది ఉంగరమా కత్తెరా అన్నది ఇంటి దగ్గరే గుర్తు పెట్టుకోండి. ఇచ్చిన స్వస్తిక్ ముద్రతో మీకు కావలసిన గుర్తు ఉన్న గడిలోనే ఒక్కసారి నొక్కండి. రెండు గడుల మధ్య గీత మీద పడితే, రెండు చోట్ల వేస్తే, వేలిముద్ర వేస్తే, సంతకం పెడితే చెల్లదు. మడత కూడా చూసి పెట్టాలి. ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవాలి. మొదటే అడ్డంగా మడిస్తే తడి సిరా పైన ఉన్న వేరే గుర్తు మీద అంటుకుంటుంది, లెక్కింపు బల్ల దగ్గర ఏజెంట్లు దాని మీద అరగంట కొట్టుకుంటారు.

మీ ఓటు ఎవరో వేసేశారని చెబితే వెనక్కి వచ్చేయొద్దు. మీరు మీరేనని రుజువు చూపించి టెండర్డ్ బ్యాలెట్ ఇమ్మని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. అది మామూలు ఓట్లతో కలిపి లెక్కించరు, విడి కవరులో పెట్టి సీల్ చేస్తారు. కానీ ఒక్క ఓటు తేడాతో తేలిన ఎన్నిక మీద తర్వాత ఎవరైనా ట్రైబ్యునల్‌కు వెళితే, మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి ఉండే కాగితం ఆ కవరులోనే ఉంటుంది.